క్లినిక్‌కి ఈఎంఆర్ కొనేముందు: టైపు కొట్టేదెవరు?

ఈఎంఆర్, అంటే పేషెంట్ల వైద్య రికార్డులు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్, అమ్మడానికి వచ్చిన కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి చూపించే డెమోలో పేషెంటు ఎప్పుడూ ఒక్కడే. పేరు రాము, వయసు 45, రెండు రోజులుగా జ్వరం, పారాసెటమాల్ 650 ఐదు రోజులకి. నాలుగు క్లిక్కులకే ప్రింటు బయటికి వచ్చేస్తుంది. డాక్టరుగారికి నచ్చుతుంది, అడ్వాన్సు ఇచ్చేస్తారు. మూడు నెలలు తిరిగేసరికి ఆ కంప్యూటర్‌లో టోకెన్ నంబర్లు, ఫీజు రసీదులు తప్ప ఇంకేమీ ఉండవు. మందుల చీటీ మళ్లీ చేతిరాతకే వచ్చేస్తుంది. అయినా ఏటా చందా మాత్రం కడుతూనే ఉంటారు.

ఇలా జరిగిందంటే ఫీచర్లు తక్కువయ్యాయని కాదు. ఫీచర్లు అన్నిట్లోనూ దండిగానే ఉంటాయి. సోమవారం పొద్దున అరవై మంది బెంచీల మీద కూర్చుని ఉంటే, లోపల ఒక్కో పేషెంటు వివరాలు ఎవరు, ఎప్పుడు, ఏ కీబోర్డు మీద కొడతారన్నది కొనేముందు ఎవరూ తేల్చుకోకపోవడం వల్ల. 2017లో బీఎంజే ఓపెన్ పత్రిక 67 దేశాల లెక్కలు తీసి ప్రచురించిన పరిశీలనలో, మన దేశంలో ప్రాథమిక వైద్యం చేసే డాక్టరు ఒక్కో రోగికి ఇచ్చే సమయం సుమారు రెండు నిమిషాలు. స్వీడన్‌లో అదే ఇరవై రెండున్నర. రెండు నిమిషాల్లో నాలుక చూడాలి, స్టెత్ పెట్టాలి, "తగ్గుతుందా సార్" అన్నదానికి జవాబు చెప్పాలి. అందులో టైపింగుకి మిగిలేది ఎంత? సాఫ్ట్‌వేర్ ఎంపిక మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరగాలని నా అభిప్రాయం.

ఈ వ్యాసం ఒకరిద్దరు డాక్టర్లున్న క్లినిక్‌ల గురించి. భార్యాభర్తలిద్దరూ ప్రాక్టీసు చేసే టౌను క్లినిక్, పక్కనే సొంత మందుల షాపు, వీలైతే ఓ చిన్న ల్యాబు, ఐదారు పడకలు. వంద పడకల ఆసుపత్రి లెక్క వేరు. అక్కడ కావాల్సింది హెచ్‌ఎంఐఎస్, అంటే పడకలు, స్టోర్సు, జీతాలతో సహా ఆసుపత్రినంతా నడిపే సాఫ్ట్‌వేర్. క్లినిక్‌కి కావాల్సింది ఈఎంఆర్: పేషెంటుకి ఏముంది, ఏమిచ్చాం, తర్వాత ఏమైంది. ఈ రెండూ కాక, పేరుకి ఈఎంఆర్ అని చెప్పి లోపల బిల్లింగ్ మాత్రమే చేసేవి మార్కెట్లో బోలెడు. గుర్తుపట్టడం తేలికే. "మూడేళ్ల నుంచి వస్తున్న ఈ షుగర్ పేషెంటు హెచ్‌బీఏ1సీలన్నీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్షలు) ఒక్క గ్రాఫులో చూపించు" అని అడగండి. రసీదుల జాబితా చూపిస్తే అది బిల్లింగ్ సాఫ్ట్‌వేరే.

రిసెప్షన్ దగ్గర

డాక్టర్లు ఎక్కువగా పట్టించుకోనిదీ, సాఫ్ట్‌వేర్ ముందుగా తేలిపోయేదీ రిసెప్షన్ బల్ల దగ్గరే. అక్కడ కూర్చునేది డిగ్రీ చదివిన అమ్మాయో, ఇరవై ఏళ్లుగా ఉన్న కాంపౌండరో. వాళ్ల పని పేషెంటును వెతికి పట్టుకోవడం. చెప్పినంత సులువు కాదు.

వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు ఎస్‌తో కొడతారు, ఒకరు ఎస్‌హెచ్‌తో కొడతారు, ఎల్‌కి ముందు ఒక యూ చేర్చేవాళ్లు ఇంకొందరు. ఇంటిపేరు ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? వేరే దేశం కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటాయి. పొద్దున డ్యూటీ అమ్మాయి ఒకలా, సాయంత్రం డ్యూటీ అబ్బాయి ఒకలా నింపుతారు. స్పెల్లింగు అటూ ఇటూ అయినా దగ్గరి పేర్లన్నీ చూపించకపోతే, "దొరకలేదు" అని కొత్త రిజిస్ట్రేషన్ చేసేస్తారు. ఏడాది తిరిగేసరికి ఒకే మనిషికి నాలుగు రికార్డులు, నాలుగింట్లోనూ కొంచెం కొంచెం చరిత్ర.

ఫోన్ నంబరుతో వెతికితే సరిపోతుంది కదా అంటారు. మన ఊళ్లలో ఒక నంబరు మీద అత్త, కోడలు, ఇద్దరు పిల్లలు ఉంటారు. ఒక్కోసారి ఆ నంబరు హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకుది. నంబరుకి ఒక్క మనిషే అని అనుకునే సాఫ్ట్‌వేర్‌లో అత్తగారి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ కోడలి చరిత్రలోకి చేరుతుంది. కోడలు గర్భిణి అయితే చూసిన డాక్టరుకి టెన్షన్. నంబరు కొట్టగానే కుటుంబంలో అందరి పేర్లూ వయసులతో సహా కనిపించి, అందులో ఒకర్ని ఎంచుకునేలా ఉండాలి.

పుట్టిన తేదీ సంగతి ఇంకా తమాషా. తేదీ నింపితేగాని ముందుకు కదలని సాఫ్ట్‌వేర్ అయితే, "అరవై ఉంటాయమ్మా" అన్న పెద్దాయనకి రిసెప్షన్‌లో జనవరి 1 అని కొట్టేస్తారు. ఊళ్లో పెద్దవాళ్లంతా ఒకే రోజు పుట్టినట్టు తేలుతుంది. వయసు ఒక్కటీ కొడితే చాలనేలా ఉండాలి. పిల్లల డాక్టరు దగ్గర మాత్రం రివర్సు: తేదీ లేకపోతే టీకాల లెక్క తప్పుతుంది కాబట్టి అక్కడ తప్పనిసరిగా అడగాలి. ఏది తప్పనిసరో ఎంచుకునే వీలు క్లినిక్‌కే ఉండాలి, కంపెనీకి ఫోన్ చేస్తే వచ్చి మార్చేది కాదు.

ఇక రివ్యూ. పది, పదిహేను రోజుల్లో మళ్లీ వస్తే ఫీజు తీసుకోకపోవడం మన దగ్గర ఆనవాయితీ. ఇది తెలియని సాఫ్ట్‌వేర్ ప్రతి రాకకీ ఫీజు అడుగుతుంది. అమ్మాయి రాయితీ కింద వంద శాతం కొట్టి పంపిస్తుంది. నెలాఖరులో లెక్క చూస్తే రాయితీలు కొండంత కనిపిస్తాయి, ఎవరో డబ్బు తింటున్నారన్న అనుమానం పుడుతుంది. రివ్యూ గడువు ఎన్ని రోజులు, ఎన్నిసార్లు, డాక్టరు భర్తకి చూపించుకున్నావిడ వారంలో డాక్టరు భార్య దగ్గరికి వెళ్తే కొత్త ఫీజా పాతదా... ఇవి పెట్టుకునే వీలుందో లేదో డెమోలోనే చూడాలి.

ఈ బల్ల దగ్గర టైపింగ్ తగ్గించే మంచి మార్గం ఒకటి వచ్చింది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 2022 చివర్లో మొదలైన స్కాన్ అండ్ షేర్. క్లినిక్ గోడకి అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఆభా, అంటే కేంద్రం ఇచ్చే ఆరోగ్య ఖాతా, ఉన్న పేషెంటు తన ఫోన్‌లోని యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా నేరుగా రిసెప్షన్ కంప్యూటర్‌కి వచ్చేస్తాయి, ఫోన్‌లో టోకెన్ నంబరు వస్తుంది. పేరులో తప్పు దొర్లదు, ఎందుకంటే ఆధార్ నుంచో, లైసెన్సు నుంచో వచ్చిన పేరు అది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకి పాత పద్ధతి ఎలాగూ తప్పదు.

డాక్టరు గదిలో

లోపల మార్గాలు నాలుగే: డాక్టరు స్వయంగా కొట్టడం, పక్కన కూర్చున్న అసిస్టెంటు కొట్టడం, డాక్టరు కాగితం మీద రాసింది తర్వాత స్కాన్ చేయడం, లేదా మాట్లాడితే టైపయ్యే పద్ధతి. ఏది ఎంచుకుంటారో ముందు తేల్చుకుని, దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ వెతకాలి. చాలామంది సాఫ్ట్‌వేర్ కొన్నాక అలవాటు మార్చుకుందామనుకుంటారు. పాతికేళ్లు పెన్నుతో రాసిన చేయి అంత త్వరగా మారదు. రాసింది స్కాన్ చేసి, కాంపౌండరుతో బరువు, బీపీ, షుగర్, రోగనిర్ధారణ, మందుల పేర్లు మాత్రం కొట్టించుకోవడం నామోషీ ఏమీ కాదు. డాక్టరు కళ్లు పేషెంటు మీద ఉంటాయి, తర్వాత వెతకడానికి కావాల్సినవి కంప్యూటర్‌లో ఉంటాయి. మందుల పేర్లు మాత్రం పేషెంటు బయటికి వెళ్లేలోపు డాక్టరు ఒకసారి చూసి సరే అనాలి.

డాక్టరే కొట్టాలనుకుంటే మందుల గడి దగ్గర ఆగి చూడండి. మూడు అక్షరాలు కొడితే జాబితా దిగుతుంది. ఇంగ్లీషులో హైడ్ అని కొడితే హైడ్రోక్లోరోథయాజైడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్, హైడ్రాక్సిజీన్, హైడ్రాలజీన్ వరసగా వస్తాయి. రెండు బీపీకి, ఒకటి కీళ్లకి, ఒకటి దురదకి. హడావిడిలో వేలు ఒక్క వరస కిందికి జారితే చాలు. చేతిరాతలో ఈ రకం తప్పు లేదు, అర్థం కాకపోవడం అన్న తప్పు ఉండేది. కంప్యూటర్ ఆ తప్పు తీసేసి ఈ తప్పు తెచ్చింది. కాబట్టి పేరు పక్కన ఏ రకం మందో చిన్న అక్షరాల్లో కనిపించే సాఫ్ట్‌వేర్ మేలు. డాక్టరు తరచుగా రాసేవి పైకి వచ్చేలా ఉండాలి. బ్రాండు కొడితే జెనరిక్ పేరు కూడా ప్రింటులో రావాలి. మందులు జెనరిక్ పేరుతో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లో సవరణ చేసింది కూడా.

ఇంతకంటే ప్రమాదమైంది ముందే నింపి ఉంచే టెంప్లేటు. పేషెంటు పేరు తెరవగానే పరీక్ష గళ్లలో "సీవీఎస్: ఎస్1 ఎస్2 వినిపిస్తున్నాయి, ఆర్‌ఎస్: ఎన్‌వీబీఎస్, పొట్ట: సాఫ్ట్" అని గుండె, ఊపిరితిత్తులు, పొట్ట అన్నీ నార్మల్‌గా ఉంటాయి. తేడా ఉంటే మార్చుకోవాలి. సమయం కలిసొస్తుందని డాక్టర్లకి ఇది బాగా నచ్చుతుంది. కడుపునొప్పితో వచ్చిన కుర్రాడికి పొట్ట సాఫ్ట్ అని ప్రింటైంది, ఆ రాత్రే ఇంకో ఆసుపత్రిలో అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయిందనుకోండి. డాక్టరు నిజంగా చేయి పెట్టి చూశారా, టెంప్లేటు రాసిందా అన్నది రేపు ఎవరూ చెప్పలేరు. 1995లో వీపీ శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్య సేవల్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పటి నుంచి డాక్టరుకి రక్షణగా నిలిచేది ఆ కేసు షీటే. చూసినవి మాత్రమే రికార్డయ్యేలా గళ్లు ఖాళీగా ఉండి, ఒక్క క్లిక్‌తో నార్మల్ అని నింపే పద్ధతి మంచిది. ఆ ఒక్క క్లిక్ చేసింది మనిషి అని తెలుస్తుంది.

మాట్లాడితే రాసిపెట్టే ఏఐ గురించి ఈమధ్య ప్రతి కంపెనీ చెబుతోంది. మన గదుల్లో పేషెంటు తెలుగులో, అందులోనూ ఆ జిల్లా యాసలో చెబుతాడు, డాక్టరు సగం ఇంగ్లీషులో అంటాడు, మధ్యలో వెంటవచ్చిన బంధువు కలగజేసుకుంటాడు. డెమో గదిలో కాదు, ఓపీ నడుస్తున్నప్పుడు పెట్టి చూడాలి. ఆ ఆడియో ఎక్కడికి పోతుందో, ఎన్నాళ్లు ఉంచుతారో రాతపూర్వకంగా అడగాలి. మందు పేరు, మోతాదు మాత్రం ఎంత బాగా రాసినా డాక్టరు కంటితో చూడాల్సిందే.

నిజం చెప్పాలంటే జలుబు, దగ్గు పేషెంటుకి ఈఎంఆర్ వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. లాభమంతా మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల దగ్గరే: షుగర్, బీపీ, థైరాయిడ్, గర్భిణులు, పసిపిల్లలు. అందుకే అందరినీ ఒకేరోజు ఎక్కించకుండా మొదటి నెల ఒక్క షుగర్, బీపీ పేషెంట్లతో మొదలుపెట్టిన క్లినిక్‌లు నిలదొక్కుకుంటాయి. వాళ్ల బరువు, బీపీ లోపలికి వచ్చేముందే నర్సు కొడుతుంది. డాక్టరు తెరవగానే ఆర్నెల్ల గ్రాఫు కనిపిస్తుంది. టైపు చేసినందుకు ఫలితం కళ్లెదుట కనిపిస్తే మిగతాది అదే నడుస్తుంది.

స్పెషాలిటీని బట్టి ఈ లెక్క మారిపోతుంది. పిల్లల డాక్టరుకి బరువును బట్టి మోతాదు లెక్కకట్టాలి. ఐదేళ్లలోపు డబ్ల్యూహెచ్‌వో 2006 ఎదుగుదల చార్టు, ఆ పైన 18 ఏళ్ల దాకా ఐఏపీ 2015 చార్టు ఉండాలి. అమెరికా చార్టులు పెట్టి అమ్మేవాళ్లున్నారు, చూసుకోవాలి. గైనకాలజిస్టుకి ఎల్‌ఎంపీ (చివరి నెలసరి తేదీ) కొడితే ప్రసవ తేదీ రావాలి, స్కానింగ్ ఉంటే, కడుపులో బిడ్డ ఆడా మగా చెప్పడాన్ని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం అడిగే ఫారం-ఎఫ్ కావాలి. కంటి డాక్టరుకి రెండు కళ్లకీ విడివిడి గళ్లు, బొమ్మ గీసే చోటు లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. హైదరాబాదు ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి బయట దొరికేవాటితో సరిపెట్టుకోకుండా 2010 నుంచి ఐస్మార్ట్ పేరుతో సొంత ఈఎంఆర్‌నే తయారు చేసుకుని, పల్లెల్లోని తన కేంద్రాల్లో కూడా వాడుతోంది. అంత స్తోమత మనకి ఉండదు. కానీ మన స్పెషాలిటీలోనే, మన లాంటి టౌనులోనే ఇప్పటికే వాడుతున్న డాక్టరు ఎవరో అడిగి, ఒక ఓపీ పూట వెళ్లి వెనక కూర్చుని చూడటానికి డబ్బు అక్కర్లేదు.

ప్రింటు తీసి చూడండి

పేషెంటు చేతికి వెళ్లేది ఆ కాగితమే. "ఉదయం 1, రాత్రి 1, తిన్న తర్వాత" అని తెలుగులో వస్తే ముసలావిడ మనవడి కోసం ఎదురుచూడక్కర్లేదు. దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ బ్రోచర్లో తెలుగు ఉందనే ఉంటుంది. తెర మీద బాగానే కనిపిస్తుంది కూడా. పీడీఎఫ్ చేసి ప్రింటు తీస్తేనే అసలు రంగు బయటపడుతుంది. అక్షరాల్ని కలిపి పేర్చడం చేతకాని పీడీఎఫ్ ప్రోగ్రాములు ఒత్తులన్నీ విడదీసి పక్కన పడేస్తాయి. "మధ్యాహ్నం"లో హ కింది నకారం కాస్తా జారిపోయి చదవలేకుండా తయారవుతుంది. కంపెనీవాళ్లలో తెలుగు చదివేవాళ్లు లేకపోతే అది తప్పని కూడా వాళ్లకి తెలియదు. కాబట్టి డెమో రోజునే "ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, భోజనానికి అరగంట ముందు, వారానికొకసారి" అన్నవన్నీ పెట్టి, క్లినిక్‌లో ఉన్న పాత ప్రింటరు మీదే తీయించండి. వారానికొకసారి వేసుకోవాల్సిన కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి మాట స్పష్టంగా పడాలి. ప్రింటు మీద డాక్టరు చేత్తో సంతకం పెట్టడం ఇప్పటికీ అన్నిటికంటే గొడవ లేని పద్ధతి.

అమెరికా ఎందుకు గుర్తుచేసుకోవాలి

అమెరికాలో పనిచేసే మనవాళ్లని అడిగితే ఈఎంఆర్ అనగానే నిట్టూరుస్తారు. 2009లో అక్కడ హైటెక్ చట్టం వచ్చి, సాఫ్ట్‌వేర్‌ను పద్ధతిగా వాడిన డాక్టరుకి మెడికేర్ కింద 44,000 డాలర్ల దాకా ప్రోత్సాహకం ఇచ్చింది. కొన్నేళ్లలోనే దాదాపు అందరూ కంప్యూటర్‌కి మారారు. 2016లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చిన పరిశీలన ప్రకారం, రోగిని చూసే ప్రతి గంటకీ డాక్టరు రికార్డులు, బల్ల మీది పనుల మీద దాదాపు రెండు గంటలు పెడుతున్నాడు. అక్కడ నోట్సులో కొంత బీమా కంపెనీ డబ్బివ్వడానికి రాసేదే. మన ఓపీలో పేషెంటు జేబులోంచే ఫీజు కడతాడు, ఆ రాత మనకి అక్కర్లేదు. కాబట్టి అమెరికా పద్ధతిని అచ్చంగా దించిన సాఫ్ట్‌వేర్‌లో మనకి పనికిరాని గళ్లు ఎక్కువ. పడకలుండి ఆరోగ్యశ్రీ, బీమా క్లెయిములు చేసే చోట మాత్రం డిశ్చార్జి సమ్మరీ, ఫోటోలు, రిపోర్టులు ఒకచోట చేరితే ఎంతో సమయం కలిసొస్తుంది.

ఆభా ఉంది అంటే ఏముందని?

ప్రతి సేల్స్‌మన్ నోటా వినిపించే మాట "ఏబీడీఎం సర్టిఫైడ్ సార్". ఏబీడీఎం, అంటే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. పేషెంటుకి 14 అంకెల ఆభా నంబరు, డాక్టరుకి ఒక రిజిస్ట్రీ, క్లినిక్‌కి ఇంకో రిజిస్ట్రీ. చాలామంది అనుకునేది ఏంటంటే రికార్డులన్నీ ఢిల్లీలో ఒక పెద్ద కంప్యూటర్లో చేరతాయని. అలా కాదు. రికార్డు పుట్టిన చోటే, అంటే మీ క్లినిక్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. రేపు గుంటూరులో ఇంకో డాక్టరు చూడాలనుకుంటే పేషెంటు ఫోన్‌లో అనుమతి ఇస్తాడు, అప్పుడు మీ సాఫ్ట్‌వేర్ పంపుతుంది. మీరు చందా కట్టడం మానేస్తే, లేదా ఆ కంపెనీ మూతపడితే, ఆ లింకు అక్కడితో తెగుతుంది.

సర్టిఫైడ్ అన్న మాటలో మూడు మెట్లున్నాయి. మొదటిది ఆభా తీయడం, సరిచూడటం. రెండోది మీ రికార్డును ఆభాకి జతచేసి పంపగలగడం. మూడోది వేరే ఆసుపత్రి రికార్డును అనుమతితో తెప్పించి చూడగలగడం. ఎం1, ఎం2, ఎం3 అంటారు. ఎం1తో ఆగినది డాక్టరుకి చేసేదేం లేదు. కాబట్టి "మూడూ అయ్యాయా, నా ముందు ఒక రికార్డు తెప్పించి చూపించు" అనండి. ఇంకో మెలిక ఉంది. రికార్డులు ఎఫ్‌హెచ్‌ఐఆర్ అనే ప్రమాణంలో వెళ్లాలి, కానీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను కూడా ఆ కవర్లో పెట్టి పంపేయవచ్చు. రూలు ప్రకారం సరే, అవతలి డాక్టరుకి మాత్రం అది ఫోటోనే. మందులు, పరీక్షల విలువలు విడివిడిగా వెళ్తాయా అన్నది వేరే ప్రశ్న, దాన్ని విడిగానే అడగాలి.

ఆభా తీసుకోవడం పేషెంటు ఇష్టం. లేదన్నవాడిని వెనక్కి పంపకూడదు. సేల్స్‌మన్ అంత గట్టిగా దాన్ని నొక్కడానికి ఒక కారణం, 2023 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన డిజిటల్ ప్రోత్సాహకాల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలకీ వాటా పెట్టడం. తప్పేమీ కాదు, తెలిసి ఉంటే చాలు. చిన్న క్లినిక్‌ల కోసమే జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ కలిసి 2025లో ఈ-సుశ్రుత్ క్లినిక్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేర్ తెచ్చాయి. ప్రైవేటువి చూసేముందు దాన్నీ ఒకసారి తెరిచి చూడవచ్చు. బామ్‌నీ, ఓపెన్‌ఈఎంఆర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. వాటికి లైసెన్సు డబ్బు లేదు కానీ, పాడైతే బాగుచేసే మనిషి ఊళ్లో ఉండాలి. అలాంటివాడు లేని చోట ఉచితం కాస్తా ఖరీదైపోతుంది.

బయటికి వచ్చే దారి

నాకు తెలిసిన ఒక పిల్లల డాక్టరుగారు ఆరేళ్లు వాడిన సాఫ్ట్‌వేర్ కంపెనీ దుకాణం కట్టేసింది. డేటా ఇచ్చారు, లేదనలేం. వేల కొద్దీ పీడీఎఫ్‌లు, ఫైలు పేర్లుగా ఏవో అంకెలు. ఏ పాపది ఏ టీకానో తెలియాలంటే ఒక్కొక్కటీ తెరవాలి. అందుకే కొనేముందే "రేపు నేను మానేస్తే ఏమిస్తారు" అని అడగాలి. పేషెంట్ల జాబితా, విజిట్లు, మందులు, ల్యాబు విలువలు ఎక్సెల్లో తెరుచుకునే సీఎస్‌వీగా, స్కాన్లు పేషెంటు నంబరుతో విడి ఫోల్డర్లుగా ఇవ్వాలి. ఎన్ని రోజుల్లో, ఎంత ఖర్చుకి, చందా అయిపోయాక ఎన్ని నెలలు ఉంచుతారో ఒప్పందంలో రాయించాలి. మాటల్లో అందరూ ఇస్తామనే అంటారు. డెమో డేటాతోనే ఆ ఎగుమతి ఒకసారి చేయించి, ఫైలు మీ కంప్యూటర్లో తెరిచి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

క్లౌడా, సొంత సర్వరా అన్నదీ ఇక్కడిదే. నెట్ నిలకడగా ఉన్న టౌన్లో క్లౌడే నయం అంటాను. ఎందుకంటే సొంత సర్వరంటే బల్ల కింద దుమ్ముపట్టిన సీపీయూ, బ్యాకప్ అంటే డ్రాయర్లో పెన్ డ్రైవ్. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే దాదాపు రెండు వారాలు ఓపీ, ల్యాబు పనులు కాగితం మీద నడిపారు. అంత పెద్ద సంస్థ పరిస్థితే అది. అయితే క్లౌడయినా నెట్ పోయిన గంట ఓపీ ఆగకూడదు. డెమో మధ్యలో వైఫై తీసేసి, పేషెంటును ఎక్కించి చీటీ ప్రింటు తీయమనండి. నెట్ తిరిగి వచ్చాక అది తనంతట తానే పైకి చేరిందో లేదో చూడండి.

చట్టం సంగతి కొంచెం చూసుకోవాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, చాలా బాధ్యతలు అక్కణ్నుంచి 18 నెలల గడువు తర్వాత అమల్లోకి వస్తాయి. అందులో గమనించాల్సింది ఒక్కటే: డేటా లీకైతే సాఫ్ట్‌వేర్ కంపెనీని చూపించి తప్పుకోలేరు, పేషెంటుకి జవాబుదారీ క్లినిక్కే. సరైన భద్రత పాటించకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది. చిన్న క్లినిక్‌కి అంత వేస్తారని కాదు, కానీ ఊరంతా ఒకరికొకరు తెలిసిన టౌన్లో లీకు అనేది విదేశీ హ్యాకర్ దగ్గర కాదు, రిసెప్షన్ దగ్గర మొదలవుతుంది. పక్కింటి అమ్మాయికి మానసిక వైద్యం నడుస్తోందని, ఫలానా ఆయనకి హెచ్‌ఐవీ అని బల్ల దగ్గర కనిపించకూడదు. రెండింటి గోప్యతకీ 2017లో వచ్చిన చట్టాలున్నాయి. రిసెప్షన్‌కి పేరు, టోకెను, ఫీజు చాలు. అందరూ ఒకే పాస్‌వర్డు వాడే క్లినిక్‌లో ఇది కుదరదు, అందుకే ఎవరి లాగిన్ వాళ్లకి ఉండాలి. లాగిన్ పెరిగిన కొద్దీ డబ్బు అడిగే కంపెనీలు పరోక్షంగా ఒకే పాస్‌వర్డు అలవాటు చేస్తాయి.

నిన్నటి నోట్సు ఈరోజు మార్చితే పాతదీ కొత్తదీ, ఎవరు, ఎన్ని గంటలకి మార్చారో మిగలాలి. చెరిగిపోయి కొత్తది మాత్రమే కనిపిస్తే ఆ రికార్డుకి వినియోగదారుల కమిషన్లో విలువ ఉండదు. 2002 వైద్య నైతిక నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులు మూడేళ్లు ఉంచాలి, పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కొత్త నిబంధనలు రికార్డులన్నీ మూడేళ్లలో డిజిటల్ కావాలన్నాయి కానీ, వాటిని ఆ ఆగస్టులోనే నిలిపేశారు. సొంత మందుల షాపు ఉంటే అమ్మకాల లెక్క విడిగా రాయాల్సిన షెడ్యూల్ హెచ్1 మందుల రిజిస్టరు కూడా మూడేళ్లు ఉంచాలి. షాపు సాఫ్ట్‌వేర్, ఈఎంఆర్ ఒకటే అయితే అది తనంతట తానే రాసుకుంటుంది.

డబ్బు

ధరల గురించి అంకెలు చెప్పను, ఆర్నెల్లకోసారి మారతాయి. కోట్ చేసిన ధరలో కలవనివి మాత్రం ఇవి: ఎసెమ్మెస్, వాట్సాప్ సందేశాలు, అదనపు లాగిన్లు, పాత డేటా ఎక్కించడం, ల్యాబు మెషీన్ కలపడం, రెండో ఏడాది పెరుగుదల. ఎసెమ్మెస్‌కి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ వ్యవస్థలో పేరు, సందేశం నమూనా ముందే రిజిస్టర్ చేయాలి. అది ఎవరు చేస్తారు, ఎవరి పేరు మీద చేస్తారు? కంపెనీ పేరు మీద చేస్తే, మీ పేషెంటుకి మీ క్లినిక్ పేరు కాక వాళ్ల పేరు వెళ్తుంది. మొదటి ఏడాది ఉచితం అన్నవాళ్లని రెండో ఏడాది ఎంతో రాసిమ్మనండి. పూర్తిగా ఉచితం అన్నవాళ్లని, మరి మీకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని మొహమాటం లేకుండా అడగండి. ఏ డాక్టరు ఏ మందు ఎంత రాస్తున్నాడన్నది మందుల కంపెనీలకి బంగారం లాంటి సమాచారం.

ఇవన్నీ తేల్చడానికి మంచి పద్ధతి, అమ్మేవాళ్ల రామును పక్కనపెట్టి, మీ సొంత ఓపీ చీటీల్లోంచి ఇరవై తీసుకోవడం. పేర్లు, నంబర్లు మార్చి వాడండి. అందులో ఒకే పేరున్న ఇద్దరు లక్ష్ములు, ఒకే నంబరున్న కుటుంబం, రివ్యూకి వచ్చినాయన, ఐదు రకాల మందులు వాడే షుగర్ పేషెంటు, తల్లి చంకలో ఉన్న పసిపాప ఉండేలా చూసుకోండి. కంపెనీ కుర్రాడిని కుర్చీలోంచి లేపి మీ రిసెప్షన్ అమ్మాయినీ, మీ కాంపౌండరునీ కూర్చోబెట్టండి. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ విసుక్కున్నారో గమనించండి. రెండు మూడు కంపెనీలకి ఇదే ఇరవై చీటీలతో పెడితే తేడా మీకే కనిపిస్తుంది. వద్దని ముందుగా చెప్పేది సాధారణంగా కాంపౌండరే, ఆయన మాట వినండి.

కొన్నాక పాత ఫైళ్లన్నీ టైపు చేయించే పని పెట్టుకోకండి. అలమరాల నిండా ఉన్న పదేళ్ల కాగితాల్లో సగం మంది మళ్లీ రారు. వచ్చిన పేషెంటు ఫైలు వచ్చిన రోజే తీసి, అలర్జీ, పాత ఆపరేషన్లు, ఇప్పుడు వాడుతున్న మందులు, చివరి రెండు మూడు రిపోర్టులు మాత్రం ఎక్కించి, మిగతాది ఫోన్‌తో స్కాన్ చేసి జతచేయండి. ఫైలు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక టిక్కు పెడితే, ఎవరివి ఎక్కాయో, ఎవరివి ఎక్కలేదో అలమర చూడగానే తెలిసిపోతుంది.